మావయ్య టెంట్ హౌస్ కోసం వీసీఎఫ్, ఐసీఎస్ ఫైళ్లు: ప్రాజెక్టు డైరీ

విజయనగరంలో మావయ్యకి టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తాడు. పాత ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం మానేయడంతో పని నా మీద పడింది. ఒకటి, ఫోన్‌లోని నంబర్లన్నీ శుభ్రం చేసి కొత్త ఫోన్‌లోకి పంపాలి. కాంటాక్టుల ఫైల్‌ని వీసీఎఫ్ అంటారు, అందులో ఒక్కో మనిషికి ఒక వీకార్డ్. రెండు, అట్ట పుస్తకంలో రాసుకున్న బుకింగులు మావయ్య ఫోన్‌లో, అత్తయ్య ఫోన్‌లో, లారీ నడిపే కుర్రాడి ఫోన్‌లో క్యాలెండర్‌గా కనపడాలి. దానికి వాడే క్యాలెండర్ ఫైల్ ఐసీఎస్. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కొట్టు ఖాళీ, అందుకే అప్పుడు మొదలుపెట్టాను. ఇదే పని ఎవరికైనా పడితే నేను పోగొట్టుకున్న గంటలు మిగలాలని రాసి పెడుతున్నాను.

సామాను: విండోస్ ల్యాప్‌టాప్, పైథాన్, ఫైల్‌ని బైట్లుగా చూపించే ఒక హెక్స్ ఎడిటర్. చివరిది లేకపోతే ఈ పని జరిగేది కాదు. చదివే కోడ్ సొంతంగా రాశాను. లైబ్రరీలు ఉన్నాయి, కానీ పాడైన ఫైల్‌లో ఏ లైన్ పాడైందో నాకు తెలియాలి. లైబ్రరీని చివర్లో, నేను తయారుచేసిన ఫైల్ చదవగలదా లేదా అని పరీక్షించడానికి మాత్రమే వాడాను.

దశ 1: బ్యాకప్ తెరవడం

పాత ఫోన్ ఒకే ఒక వీసీఎఫ్ ఫైల్ ఇచ్చింది. 9.4 ఎంబీ. తెరిచి చూస్తే వెర్షన్ 2.1, అంటే 1996 నాటి పద్ధతి. తర్వాత 1998లో 3.0, 2011లో 4.0 వచ్చాయి. అయినా ఈ ఫోన్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

'బిగిన్ వీకార్డ్' లైన్లు లెక్కపెడితే 1,287. నా ప్రోగ్రాం చదివినవి 1,286. ఆ ఒక్కటి కోసం గంటన్నర వెతికాను. లోపలేమైనా దాక్కుందేమో అని చివరి నుంచి మొదలుపెట్టడం నా పొరపాటు. పోయింది మొట్టమొదటి కార్డే. అంతకుముందు ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేశాను. అది ఫైల్ మొదట్లో కంటికి కనపడని మూడు బైట్ల గుర్తు పెట్టింది. దాంతో మొదటి లైన్ 'బిగిన్'తో మొదలవడం లేదు.

ఫొటోల దగ్గర ఇంకో దెబ్బ. 2.1లో బేస్64 (బొమ్మని అక్షరాలుగా మార్చి రాసే పద్ధతి) ఫొటో ఎక్కడ ముగిసిందో చెప్పేది ఖాళీ లైన్. నేనేమో మొదట్లోనే ఖాళీ లైన్లన్నీ ఏరి పారేశాను. దాంతో ఫొటో తర్వాత వచ్చే నంబరు కూడా ఫొటోలో కలిసిపోయింది.

మార్చినవి:
1. అసలు ఫైల్‌కి ఒక కాపీ తీసి, దాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా పెట్టాను. నోట్‌ప్యాడ్ బంద్.
2. ఫైల్‌ని బైట్లుగా తెరిచి, మొదట ఆ మూడు బైట్లు ఉంటే కొట్టేశాను.
3. ఖాళీ లైన్లు ఉంచి, ఫొటోలు విడి ఫైళ్లుగా తీశాను. మిగిలిన ఫైల్ 410 కేబీ.

ఇప్పటికి: కార్డులు 1,287. నంబర్లు 1,498. గంటలు 5.

దశ 2: 'శ్ర', 'విజ', 'చీప'

నేను పెట్టుకున్న పరీక్ష పేరు 'మామ'. పాస్ అయింది. ధైర్యంగా మొత్తం ఫైల్ నడిపించి మావయ్యకి జాబితా చూపించాను. అందులో శ్రీకాకుళం లైటింగ్ అతను 'శ్ర' అయ్యాడు. విజయనగరం అని మొదలయ్యే పేర్లన్నీ 'విజ'. చీపురుపల్లి వంటమనిషి 'చీప'. జనరేటర్లు ముగ్గురూ 'జనర'. "ఏట్రా ఇది, పురుగులు తినేసినట్టున్నాయి పేర్లు" అన్నాడు.

పేర్లన్నీ సరిగ్గా మూడేసి దగ్గర తెగుతున్నాయి. కారణం పట్టుకోవడానికి అరపూట పట్టింది, కానీ లెక్క వేస్తే తేటగా ఉంది.

అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో సొంత నంబరున్న ఒక్కో గుర్తు) 3 బైట్లు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్క. శ్రీకాకుళం అంటే మనం రాసేది నాలుగక్షరాలు, ఫైల్‌లో పది కోడ్‌పాయింట్లు, 30 బైట్లు. 2.1 కార్డు తెలుగుని నేరుగా రాయదు, క్వోటెడ్ ప్రింటబుల్‌లో రాస్తుంది. అందులో ఒక్కో బైట్‌కి మూడు గుర్తులు: ఒక సమానం గుర్తు, రెండు హెక్స్ అంకెలు. 'క' ఒక్కటే '=ఈ0=బీ0=95' అవుతుంది, 9 గుర్తులు. శ్రీకాకుళానికి 90.

ఈ పద్ధతిలో ఒక లైన్ 76 గుర్తులు దాటకూడదు. పేరు కంటే ముందు ఉండే హెడర్ (ఎఫ్ఎన్, క్యారెక్టర్ సెట్, ఎన్‌కోడింగ్) ఒక్కటే 43 గుర్తులు తింటుంది. 'మామ' 27 గుర్తులు, మొత్తం 70, ఒకే లైన్‌లో పట్టింది. అంతకంటే పొడుగు పేరు ఏదైనా రెండో లైన్‌కి పోతుంది. మొదటి లైన్ చివర ఒంటరిగా ఒక సమానం గుర్తు ఉంటుంది, 'ఇంకా ఉంది' అని దాని అర్థం.

నా కోడ్ 3.0 పద్ధతి మాత్రమే ఎరుగును. అందులో తర్వాతి లైన్ ముందు ఒక ఖాళీ ఉంటే అది పై లైన్‌కి కొనసాగింపు. ఇక్కడ ఖాళీ లేదు కాబట్టి రెండో లైన్‌ని చెత్త అనుకుని వదిలేసింది. పైగా ఫోన్ మొదటి లైన్‌లో 10 బైట్లు పెట్టింది: మూడు కోడ్‌పాయింట్లకి 9, నాలుగోదాని మొదటి ముక్క 1. ఆ తెగిన ముక్క దగ్గర పైథాన్ ఎర్రర్ ఇవ్వాలి. ఇవ్వలేదు. ఎందుకంటే తొలిరోజే విసుగుపుట్టి డీకోడింగ్‌లో 'తప్పులు ఇగ్నోర్ చెయ్యి' అని పెట్టింది నేనే. ఈ ఒక్క మాట తీసేసి ఉంటే మొదటి పేరు దగ్గరే దొరికిపోయేది. తెలుగు డేటా మీద ఆ మాట ఎప్పుడూ వాడకండి.

సరైన వరస ఇది, అటూ ఇటూ చెయ్యకూడదు:
1. లైన్‌లో క్వోటెడ్ ప్రింటబుల్ అని ఉండి, చివర ఒంటరి సమానం గుర్తు ఉంటే దాన్ని తీసేసి తర్వాతి లైన్ అతికించాలి. గుర్తు లేని లైన్ వచ్చేదాకా.
2. అప్పుడు హెక్స్ అంకెల్ని బైట్లు చెయ్యాలి.
3. సెమీకోలన్ల దగ్గర విడగొట్టాలి.
4. అన్నీ అయ్యాక బైట్లని యూటీఎఫ్-8గా చదవాలి. తప్పు వస్తే ఆగిపోవాలి.

తెలుగు లిపిలో ఉన్న పేర్లు 412. పాత కోడ్ సరిగ్గా చదివినవి 23, మూడు కోడ్‌పాయింట్లు దాటనివి మాత్రమే. కొత్త కోడ్‌తో 412.

ఇప్పటికి: కార్డులు 1,287, పేర్లన్నీ చదవగలిగినవి. గంటలు 14.

దశ 3: నంబర్లు, నకళ్లు

నంబర్లన్నీ +91, ఆపై పది అంకెలు అనే ఒకే రూపంలోకి తెచ్చాను. 1,431 ఏ తంటా లేకుండా వచ్చాయి. మిగిలిన 67లో అంకెలు తక్కువైన నంబర్లు 26, వాటిని కొట్టేసి పేర్లు ఉంచాను. 41 ల్యాండ్‌లైన్లు. ఇక్కడ చిన్న తమాషా ఉంది. విజయనగరం ఎస్టీడీ కోడ్ 08922, శ్రీకాకుళం 08942. ముందు సున్నా లేకుండా రాసుకుంటే కోడ్‌తో కలిపి పది అంకెలు, 8తో మొదలు. నా ప్రోగ్రాం వాటిని మొబైల్ అని ముద్ర వేసింది. నంబరు మారదు గానీ, మెసేజ్ పంపే జాబితాలో కల్యాణమండపాల ల్యాండ్‌లైన్లన్నీ చేరాయి. ఈ రెండు కోడ్‌లతో మొదలయ్యేవాటిని పక్కకి తీసి మావయ్యని అడిగి సరిచేశాను.

నకళ్లు తీసెయ్యడం మూడు విడతల్లో అయింది.

మొదటి విడత, పేరూ నంబరూ రెండూ ఒకటే అయినవి: 219 పోయాయి.

రెండో విడతలో కంటికి ఒకేలా కనపడే పేర్లు. రెండింటికీ తేడా ఏమిటో హెక్స్ ఎడిటర్‌లోనే తెలిసింది. ఒక కీబోర్డు 'రాజ్‌కుమార్' లాంటి పేర్లలో పొల్లు తర్వాత కనపడని జోడింపు-వద్దు గుర్తు పెడుతుంది, ఇంకోటి పెట్టదు. ఐత్వం కూడా అంతే. యూనికోడ్‌లో 'ై' ఒకే కోడ్‌పాయింట్‌గానూ రాయొచ్చు, ఎత్వానికి కింద ఇంకో గుర్తు తగిలించి రెండుగానూ రాయొచ్చు. పోల్చేటప్పుడు మాత్రం ఈ రెండు రకాలనీ ఒకటి చేసే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చి, ఆ కనపడని గుర్తు తీసేశాను. భద్రపరిచే పేరులో దాన్ని ఉంచాను, తీసేస్తే 'రాజ్కుమార్' అయిపోతుంది. 31 పోయాయి.

మూడో విడత, నంబరు ఒకటే, పేర్లు వేరు. ఇది మెషీన్‌కి వదిలేస్తే కొంప మునుగుతుంది. 'లారీ పెద్దోడు', 'డెంకాడ లారీ' ఒక మనిషే. కానీ ఒకే నంబరు మీద అన్నదమ్ములిద్దరు ఉన్న ఇళ్లూ ఉన్నాయి. మావయ్య పక్కన కూర్చుని రెండు సాయంత్రాలు ఒక్కొక్కటీ చెబుతుంటే కలిపాను: 106. రెండో పేరు పోకుండా నిక్‌నేమ్ ఫీల్డులో పెట్టాను. అది 3.0 నుంచి ఉంది, అందుకే కొత్త ఫైల్ 3.0లో రాశాను.

అడ్రసుల్లో జిల్లా పేరు మొత్తానికే తీసేశాను. మొదట పిన్ కోడ్ మొదటి మూడంకెలు చూసి జిల్లా నింపబోయాను: 535 అయితే విజయనగరం, 532 అయితే శ్రీకాకుళం. రాజాం పిన్ 532తోనే మొదలవుతుంది, కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక రాజాం విజయనగరంలో ఉంది. ఊరూ పిన్నూ ఉంటే లారీకి చాలు.

ఇప్పటికి: 1,287 − 219 − 31 − 106 = 931 కార్డులు. గంటలు 24.

దశ 4: ఐసీఎస్ రాయడం

అట్ట పుస్తకంలో శ్రావణం నుంచి ఉన్న 38 బుకింగులు స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, దాన్నుంచి ఐసీఎస్ తయారుచేశాను. నియమాలు ఆర్ఎఫ్‌సీ 5545 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉన్నాయి, 2009 నాటిది.

మొదటి ఫైల్ ఏ ఫోన్‌లోనూ తెరుచుకోలేదు. ప్రతి లైన్ చివరా రెండు గుర్తులు (సీఆర్, ఎల్ఎఫ్) ఉండాలి. నేను అవే రాశాను, కానీ విండోస్‌లో టెక్స్ట్‌గా తెరిచిన ఫైల్‌లో పైథాన్ ఎల్ఎఫ్ కనపడిన ప్రతిచోటా ముందు ఇంకో సీఆర్ చేర్చింది. బైట్ల మోడ్‌లో రాస్తే సరి.

తర్వాత మడత. ఐసీఎస్‌లో ఒక లైన్ 75 బైట్లు దాటకూడదు. దాటితే విరగ్గొట్టి, తర్వాతి లైన్ ముందు ఒక ఖాళీ పెట్టాలి. దీన్ని నాలుగుసార్లు రాశాను.

1. 75 'అక్షరాలు' లెక్కపెట్టాను. పైథాన్ లెక్క కోడ్‌పాయింట్లలో కాబట్టి తెలుగు లైన్ 225 బైట్లు అయింది. మావయ్య ఫోన్ ఊరుకుంది, వేరే ఫోన్లు ఊరుకుంటాయన్న హామీ లేదు.
2. సరిగ్గా 75వ బైట్ దగ్గర కోశాను. 'సమ్మరీ' అనే మాట, కోలన్ కలిసి 8 బైట్లు, మిగిలింది 67. అంటే 22 కోడ్‌పాయింట్లు, ఆపైన ఒక బైట్ ముక్క. అత్తయ్య ఫోన్‌లో ప్రతి మడత దగ్గరా నల్ల డైమండులో ప్రశ్న గుర్తులు.
3. భయపడి, 'శ్రీ' లాంటి సంయుక్తాక్షరాలు కూడా తెగకుండా పొల్లు, గుణింతం చూసుకుంటూ కోసే నలభై లైన్ల కోడ్ రాశాను. పనిచేసింది. కానీ అనవసరం. చదివేవాడు మడత విప్పి అతికించాక 'శ్రీ' ఎలాగూ కలిసిపోతుంది. తెగకూడనిది కోడ్‌పాయింట్ ఒక్కటే.
4. ఇప్పుడున్నది ఆరు లైన్లు. కొయ్యాల్సిన చోట ఉన్న బైట్ విలువ 128 నుంచి 191 మధ్య ఉంటే అది ఒక కోడ్‌పాయింట్ మధ్యభాగం, ఒక బైట్ వెనక్కి జరగాలి. కాదనేదాకా జరిగి అక్కడ కొయ్యాలి. రెండో లైన్ నుంచి ముందున్న ఖాళీ కూడా 75లో లెక్కే.

కామా, సెమీకోలన్, బ్యాక్‌స్లాష్ ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి. బ్యాక్‌స్లాష్‌ని మొదట మార్చాలి, చివర మారిస్తే మనం పెట్టినవే రెండవుతాయి.

యూఐడీ (ఒక్కో ఈవెంట్‌ని గుర్తుపట్టే మాట) విషయం. ప్రతిసారీ కొత్త యూఐడీ పుట్టించాను. మూడుసార్లు ఇంపోర్ట్ చేసేసరికి 38 బుకింగులు 114 అయ్యాయి. ఇప్పుడు యూఐడీ పుస్తకం నంబరు, పేజీ, వరసలతో కట్టాను, ఎన్నిసార్లు తయారుచేసినా అదే వస్తుంది. మార్పు జరిగితే సీక్వెన్స్ (ఎన్నో సవరణో చెప్పే అంకె) ఒకటి పెంచుతాను. బుకింగ్ పోతే ఫైల్లోంచి తీసెయ్యకుండా స్టేటస్ 'క్యాన్సిల్డ్' అని పంపుతాను. ఫైల్లో లేనంత మాత్రాన ఫోన్‌లోంచి పోదు.

అసలు ప్రమాదం ముగింపు తేదీ చెప్పే డీటీఎండ్‌ది. సామాను మూడు రోజులు బయట ఉంటుంది, 5 నుంచి 7 దాకా. నేను ముగింపు 7 అని రాశాను. రోజంతా ఉండే ఈవెంట్లకి ముగింపు తేదీ లెక్కలోకి రాదు, దాని ముందురోజుతో ఆగిపోతుంది. క్యాలెండర్‌లో 7 ఖాళీగా కనపడింది. ఎవరో ఫోన్ చేసి 7న కుర్చీలున్నాయా అని అడిగితే అత్తయ్య ఫోన్ చూసి ఉన్నాయనబోయింది. పుస్తకం పక్కనే ఉంది కాబట్టి బతికిపోయాం. ముగింపు 8 అని రాయాలి.

ఇప్పటికి: బుకింగులు 38. ఒక్కోదానికి రెండు ఈవెంట్లు, సామాను బయట ఉండే రోజులు ఒకటి, ముహూర్తం ఒకటి. మొత్తం 76. గంటలు 37.

దశ 5: శుక్రవారం రాత్రి 2 గంటల 37 నిమిషాలు

శ్రావణంలో గజపతినగరం వైపు పెళ్లి. శుభలేఖలో, పుస్తకంలో ఒకటే మాట: శుక్రవారం రాత్రి 2-37. నా ప్రోగ్రాం శుక్రవారం తేదీకి 02:37 తగిలించింది. ఒక రోజు ముందుగా లోడు చెయ్యమని అలారం ఉంది. సామాను తేదీల్ని కూడా అదే ముహూర్తం నుంచి లెక్కగట్టాను. కుర్రాళ్లు ఫోన్ చూసుకుని బుధవారం రాత్రే లారీ కట్టేసి, గురువారం తెల్లవారేసరికి ఆ ఊర్లో దిగారు. పెళ్లివారింట్లో పందిరి గుంజలు కూడా పాతలేదు.

"పెళ్లి రేపు రాత్రి కదేటి! నీ కంప్యూటర్‌కి రాత్రి అంటే ఏటో తెలీదేట్రా?" అన్నాడు మావయ్య. నిజంగానే తెలీదు. మనకి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. శుక్రవారం రాత్రి 2-37 అంటే శుక్రవారం గడిచి, గడియారం లెక్కలో శనివారం 02:37. కంప్యూటర్‌కి రోజు అర్ధరాత్రి మారుతుంది. నేను పెళ్లిని సరిగ్గా 24 గంటలు ముందుగా పెట్టేశాను.

తప్పు ముందే పట్టుకోలేకపోవడానికి కారణం ఉంది. పుస్తకంలోని తేదీకి అదే వారం వస్తోందా అని ప్రోగ్రాంలో ఒక తనిఖీ పెట్టాను. తేదీ, వారం రెండూ శుక్రవారానివే, తనిఖీ హాయిగా పాస్. ఆ తర్వాత జరిగింది ఇంకా చిత్రం. తప్పు దిద్దాక, సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన గడియారం లెక్క) రాసే ఫైల్ ఒకటి తయారుచేశాను. మన టైముకి ఐదున్నర గంటలు తీసేస్తే శనివారం 02:37 కాస్తా శుక్రవారం 21:07 అవుతుంది. ఫైల్ తెరిచి చూస్తే తేదీ శుక్రవారమే. ఇది తప్పని మళ్లీ మార్చబోయాను. అక్కడితో యూటీసీ మానేసి ఏషియా/కోల్‌కతా టైమ్‌జోన్‌తోనే రాస్తున్నాను, కంటితో చదివి సరిచూసుకోవచ్చు. దానికి ఫైల్‌లో వీటైమ్‌జోన్ భాగం తప్పనిసరి. మనకి వేసవి గడియారం మార్పులు లేవు కాబట్టి +0530 అని ఒక్క చిన్న భాగం సరిపోతుంది.

ఇప్పటి నియమాలు:
1. 'రాత్రి' అని ఉండి గంట 12 గానీ, 1 నుంచి 5 లోపు గానీ అయితే తేదీకి ఒకటి కలుపు. రాత్రి 11-50కి కలపకు.
2. 'తె.' (తెల్లవారుజామున) అని ఉంటే నువ్వు నిర్ణయించకు. శనివారం తె. 4-10 అని కొందరు గడియారం లెక్కన రాస్తారు, కొందరు ముందురోజు తేదీ వేస్తారు. ఆ బుకింగ్‌ని ఎర్రరంగులో ఆపి మనిషిని అడుగు.
3. ఈవెంట్ పేరులో వారాలు రెండూ రాయి: 'శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం'. మంచి శుభలేఖల్లో రాసే మాటే ఇది. ముందే అరువు తెచ్చుకోవాల్సింది.
4. లోడు అలారం ముహూర్తం నుంచి లెక్కపెట్టకు. సామాను ఈవెంట్‌కి పెట్టు, దాని మొదటి తేదీ మావయ్య చెప్పినదే. రాత్రి ముహూర్తమైనా పందిరి సాయంత్రానికి లేవాలి.

38లో అర్ధరాత్రి దాటిన ముహూర్తాలు 11. వాటిలో ముందే జరిగి నష్టం చేసింది ఒకటి.

ఇప్పటికి: ఖర్చు రూ. 1,900 (లారీ డీజిల్, కుర్రాళ్ల బత్తా). గంటలు 48.

దశ 6: సిరిమాను

విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) తిరిగే రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనమే. మా లారీ కదలదు, కాబట్టి ఆ రోజు క్యాలెండర్‌లో మూసి ఉండాలి. ఏటా రిపీట్ అని ఆర్‌రూల్ (ఐసీఎస్‌లో రిపీట్ నియమం) పెడితే 2024 అక్టోబరు 15 కాస్తా 2025 అక్టోబరు 15 అయింది, అది బుధవారం. సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారమే.

ఇతర పంచాంగాల ప్రకారం రిపీట్ చేసే ఏర్పాటు ఒకటి 2015లో ఆర్ఎఫ్‌సీ 7529గా వచ్చింది. ఆశగా చూశాను. అందులో వాడే 'ఇండియన్' క్యాలెండర్ ప్రభుత్వం వారి శక సంవత్సరం, సూర్యుడి లెక్క. తిథులు లేవు. కాబట్టి ఏటా పంచాంగం చూసి విజయదశమి తేదీ చేత్తో వేస్తాను, తర్వాత వచ్చే మంగళవారం, దాని ముందురోజు జరిగే తొలేళ్ల ఉత్సవం ప్రోగ్రాం లెక్కగడుతుంది.

పాత ఏళ్లతో పరీక్షించాను. విజయదశమి 2022 అక్టోబరు 5 అని వేస్తే సిరిమాను 11, సరే. 2024 అక్టోబరు 12కి 15, సరే. 2025 అక్టోబరు 2కి 7, సరే. 2023కి అక్టోబరు 24 వేస్తే 24 అనే వచ్చింది. అది మంగళవారమే కాబట్టి ఏడుతో భాగిస్తే శేషం సున్నా. ఆ ఏడు సిరిమాను తిరిగింది 31న. శేషం సున్నా అయితే ఏడు కలుపు అని ఒక మాట చేర్చాను.

ఇప్పటికి: ఈవెంట్లు 76, పండగవి 2, మొత్తం 78. కార్డులు 931. గంటలు 51.

మిగిలిన పని

'తె.' దగ్గర ఎర్రరంగులో ఆగినవి నాలుగు. రెండు మావయ్యకి గుర్తున్నాయి. ఒకటి శుభలేఖ దొరికింది. నాలుగోది చీపురుపల్లి వాళ్లది, పుస్తకంలో నంబరుకి ఒక అంకె తక్కువ. ఆదివారం లారీ అటు వెళ్తోంది, కుర్రాడు కనుక్కుని వస్తానన్నాడు.